నిజ్వాలో నేను రాసిన చక్కెర ఒప్పందం

హవాయి ఎక్కడుందో నాకు నిజ్వాలో తెలిసింది. అంతకు ముందు తెలియదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు గానీ అప్పట్లో ఉండేది. ఎనభైల చివర్లో ఒమాన్‌కు వెళ్లేనాటికే నేను డిగ్రీ పాసైనవాణ్ణి. మా నిజామాబాద్ జిల్లాలో ఆ డిగ్రీని చూసి ఎవరూ కుర్చీ వేయలేదు. కంపెనీవాళ్లు మాత్రం ఇనుప చువ్వలు మోయడానికి పనికొస్తానని తీసుకున్నారు. ఆరు నెలలకు నాకు ఇంగ్లీషు చదవడం వచ్చని ఫోర్‌మన్‌కు తెలిసి, సైట్‌లో స్టోరు అప్పగించాడు. నిజ్వా ఊరి చివర ఒక బడి కడుతున్నాం. సిమెంటూ, మేకులూ, పారలూ అన్నీ నా ఏలుబడిలోకి వచ్చాయి. ఆ ఏలుబడి నా తలకు కాస్త ఎక్కిందనే చెప్పాలి.

సైట్‌కు దగ్గర్లోనే రూమ్. అందులో ఎనిమిది మందిమి, అందరం మా వైపు వాళ్లమే. నేను దూరవిద్యలో చరిత్ర ఎం.ఏ. కట్టాను. సెలవు మీద ఇంటికి వెళ్లొచ్చేవాళ్ల పెట్టెల్లో పచ్చడి సీసాల మధ్య నా పాఠాల పుస్తకాలు వచ్చేవి. ఏ పుస్తకం తెరిచినా మామిడికాయ వాసనే. మధ్యాహ్నం తిండి తిన్నాక అందరూ గోడ నీడన కునుకు తీస్తుంటే నేను సిమెంటు బస్తా మీద కూర్చుని చదివేవాణ్ణి. వాళ్లు నన్ను ‘సారు’ అని పిలిచేవాళ్లు. అది ఎగతాళి అని తెలిసినా నేను గౌరవంగానే పుచ్చుకునేవాణ్ణి.

ఆ పుస్తకాల్లో అమెరికా చరిత్ర ఒకటి. అందులో పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి రాజ్యం మీద ఒక పాఠం ఉంది. చిన్న రాజ్యం, కొన్ని దీవులు. చెరుకు బాగా పండుతుంది. చక్కెర కొనేవాళ్లు అమెరికాలో ఉన్నారు, కానీ సుంకం అడ్డం. రాజుగారు స్వయంగా ఓడెక్కి అమెరికా వెళ్లి వచ్చాడు. ఒప్పందం కుదిరింది. హవాయి చక్కెర, బియ్యం సుంకం లేకుండా అటు పోవాలి, అమెరికా సరుకులు సుంకం లేకుండా ఇటు రావాలి. పరస్పర ఒప్పందమని దానికి పేరు. దానితో దీవుల్లో చెరుకు తోటలు ఎక్కడికక్కడ పెరిగిపోయాయి. తోటల్లో పనికి చైనా నుంచీ జపాన్ నుంచీ పోర్చుగల్ నుంచీ ఇన్నేళ్లని రాసిచ్చి కూలీలు ఓడల్లో దిగారు. అంతా బాగానే ఉంది గానీ ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. హవాయి తన రేవులను గానీ నేలను గానీ ఇంకే దేశానికీ ఇవ్వకూడదు. గడువు పొడిగించే వేళకు ఆ షరతు ఇంకాస్త లావెక్కింది. పెర్ల్ హార్బర్ రేవును వాడుకునే హక్కు అమెరికాకే రాసిచ్చారు. మరి కొన్నేళ్లకు రాజ్యమే మిగల్లేదు.

ఆ పాఠం నన్ను పట్టేసింది. ఒకటి, మా నాన్న చెరుకు రైతు. రెండు, ఇన్నేళ్లని రాసిచ్చి ఓడ దిగిన కూలీల గురించి చదువుతుంటే నా గురించే చదువుతున్నట్టుండేది. బొంబాయిలో ఏజెంటు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించాడు. దాన్ని నేను చదవలేదు, చదివే సమయం వాడివ్వలేదు. అందుకే హవాయి రాజు మీద నాకు జాలి కంటే కోపం ఎక్కువగా ఉండేది. కింద ఏం రాశారో చూసుకోవద్దా అని ఆయన్ను మనసులో ఎన్నిసార్లు కేకలేశానో.

మా రూమ్‌లో అందరికంటే పెద్దవాణ్ణి మేం ‘కాక’ అనేవాళ్లం. యాభైకి దగ్గర పడ్డ మనిషి, సైట్‌లో సిమెంటు మాలు కలిపేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు ఆయన బెల్లం వండే మనిషి. చెరుకు గానుగ ఆడే రోజుల్లో చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు పాకం పట్టడానికి ఆయన్ను వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఏ పెనం దగ్గర ఆయన నిలబడితే ఆ పొయ్యి దగ్గర ఆసామి కూడా ఆయన మాట వినాల్సిందే. తర్వాత చెరుకంతా చక్కెర ఫ్యాక్టరీకి పోవడం మొదలైంది. పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆయన పోగొట్టుకున్నది కూలి ఒక్కటే కాదు, ఆ పిలుపు కూడా. ఒమాన్‌లో ఆయన పని ఎప్పుడూ తక్కువ చేయలేదు, ఎవరి మీదా విసుక్కోలేదు. మాట్లాడటం మాత్రం బాగా తగ్గించేశాడు.

మేం కడుతున్న బడి గోడ అవతల ఒక ఖర్జూరపు తోట ఉంది. ఒక ముసలాయనది. తోట చివర చెరుకు వేసిన చిన్న నేల చెక్క ఉండేది. చలికాలం మొదలైన రోజుల్లో, ఒక ఉదయం కాక మాలు కలుపుతూ కలుపుతూ పార ఆపేశాడు. ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు.

“పాకం మాడుతుందిరా,” అన్నాడు.

“ఏం పాకం కాకా? ఈడ పాకం ఎక్కడిది?”

నా మాట పూర్తయ్యేలోగా పార పడేసి గోడ దూకాడు. యాభై ఏళ్ల మనిషి అంత గోడ దూకుతాడని నేను కల్లో కూడా అనుకోలేదు. ఫోర్‌మన్ వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. నేను కాకను వెనక్కి తెచ్చే మిషతో గోడెక్కాను. అవతల ఖర్జూరపు మట్టల మంట మీద పెద్ద పెనం, అందులో చెరుకు రసం నల్లబడే దశలో ఉంది. ముసలాయన ఒక్కడే అటు మంట ఎగదోస్తూ, ఇటు గరిటె తిప్పుతూ అవస్థ పడుతున్నాడు. కాక పలకరింపు లేకుండా మట్టలను కాలితో వెనక్కి లాగి మంట తగ్గించాడు. ముసలాయన చేతిలోంచి గరిటె తీసుకుని పెనం అడుగు నుంచి కలపడం మొదలుపెట్టాడు. ఎవడో పరాయివాడు తన తోటలోకి దూకి తన గరిటె లాక్కుంటే మనమైతే ఏం చేస్తామో నాకు తెలుసు. ఆ ముసలాయన మాత్రం రెండడుగులు వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, కాక చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు. కాక చెంబులో నీళ్లు తెమ్మని సైగ చేసి, అందులో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూపించాడు. ముసలాయన దాన్ని నోట్లో వేసుకున్నాడు.

“ఉస్తాద్,” అన్నాడు.

ఆ ఒక్క మాటకు కాక ముఖం ఎలా మారిందో నేను చూశాను. రెండేళ్లలో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఆ రోజు ఫోర్‌మన్ తిట్లన్నీ నేనే తిన్నాను. తర్వాత వచ్చిన శుక్రవారం, సెలవు రోజు, కాక తలస్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుని తోటకు బయలుదేరాడు. తోడు నేను. ముసలాయన కొడుకులు ముగ్గురూ మస్కట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారని, ఒకడు సైన్యంలో ఉన్నాడని మెల్లగా తెలిసింది. చాలామంది ఒమానీ పెద్దవాళ్లకు లాగే ఆయనకు కాస్త హిందీ వచ్చు. మేం ఆయన్ను ‘అర్బాబ్’ అన్నాం, అక్కడ యజమానిని అలాగే అనేవాళ్లం. ఆయన తల అడ్డంగా ఊపి, బడి గోడ చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, “పడోసీ” అన్నాడు. పక్కింటివాణ్ణి అని. 

వాళ్ల పద్ధతిలో బెల్లం అచ్చులు పోయరు. ఎర్రటి చక్కెర పొడిపొడిగా రావాలి, అది హల్వాలోకి. దించాక ఎంతసేపు కలపాలో ఆయన కాకకు నేర్పాడు. రసం మీద మడ్డి తేరాలంటే బెండ మొక్కల జిగురు పోయాలని కాక ఆయనకు నేర్పాడు. కాక తెలుగులో చెప్పేవాడు, ఆయన అరబ్బీలో చెప్పేవాడు. పొయ్యి దగ్గర ఇద్దరికీ అనువాదకుడి అవసరం రాలేదు. నేనొక్కణ్ణే అనవసరంగా అక్కడున్నానని అనిపించేది.

మూడో శుక్రవారం ముసలాయన మమ్మల్ని నిమ్మ చెట్ల వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఒక చెక్క ఖాళీగా ఉంది. పక్కనే కొండల నుంచి వచ్చే ఫలజ్ కాలువ పారుతోంది. ఆ ఊళ్లో ప్రతి తోటకూ ఆ కాలువలో వంతు ఉంటుంది. నేలలో పాతిన కర్ర నీడ ఏ రాయి దాకా వస్తే ఎవరి వంతో అందరికీ తెలుసు. తాతముత్తాతల నుంచి వచ్చిన వంతులవి. ముసలాయన ఆ చెక్కను చూపించి, కాలువను చూపించి, “జుమ్మా కా పానీ, తుమ్హారా,” అన్నాడు. శుక్రవారం పారే నీళ్లలో కొంత మాకు, ఆ చెక్కలో మేం కూరగాయలు పండించుకోవచ్చు, చెరుకు రోజుల్లో కాక వచ్చి పాకం పట్టాలి. అంతే ఆయన అడిగింది.

కాక సంబరం చెప్పనలవి కాదు. తిరిగి వస్తూ దారంతా మాట్లాడాడు. గోంగూర వేద్దామన్నాడు, పచ్చిమిర్చి వేద్దామన్నాడు, బెండ ఎలాగూ కావాలన్నాడు.

“బదులు బిడ్డా ఇది. ఆయనకు మనం, మనకు ఆయన,” అన్నాడు.

మా వైపు బదులు అనే పద్ధతి ఉంది. నాట్లకు మీరు మా పొలానికి వస్తే కోతకు మేం మీ పొలానికి వస్తాం. కూలి ఉండదు, కాగితం ఉండదు. ఇది నాకూ తెలుసు, మా అమ్మ ఎన్నిసార్లు బదులుకు పోయిందో లెక్కలేదు. కానీ నా బుర్ర నిండా హవాయి ఉంది.

“గట్ల నోటిమాట నమ్ముతే ఎట్ల కాకా? రాయించుకుందాం,” అన్నాను.

“ఏం రాయించుకుంటవురా?”

నడిరోడ్డు మీద ఆపి ఆయనకు హవాయి పాఠం మొత్తం చెప్పాను. చక్కెర, సుంకం, రేవు, రాజ్యం పోవడం, అన్నీ. కాక ఓపికగా విన్నాడు.

“గా రాజు మనకేమైతడు?” అన్నాడు చివరికి.

“ఏం గాడు. కానీ మనమే హవాయి, ఆయన అమెరికా. నీళ్లాయనవి, భూమాయనది, దేశమాయనది. రేపు ఇంకేదో అడుగుతడు.”

“నువ్వు సదువుకున్నోనివి. నీ ఇష్టం,” అన్నాడు కాక. ఆ మాటలో విసుగుందని ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు నాకది అనుమతి పత్రంలా వినిపించింది.

స్టోరులో కూర్చుని ఒప్పందం రాశాను. ఇంగ్లీషులో, పదకొండు షరతులతో, కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు. పంట మధ్యలో నీళ్లు ఆపకూడదు. పాకం తప్ప వేరే పని చెప్పకూడదు. మా పాస్‌పోర్టులు అడగకూడదు. మా మీద కంపెనీకి ఫిర్యాదు చేయకూడదు. మా కూరగాయల్లో వాటా కోరకూడదు. ఇలా సాగింది. పదకొండోది నాకు అన్నింటికంటే నచ్చింది: ఈ తోటను గానీ అందులో ఏ భాగాన్ని గానీ మాకు చెప్పకుండా ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఆ వాక్యాన్ని పాఠంలోంచి దాదాపు ఉన్నదున్నట్టు ఎత్తాను. రాసి పైకి చదువుకుంటే నాకే ఒళ్లు పులకరించింది.

దాన్ని అరబ్బీలో చదివి వినిపించడానికి నిజ్వా బజారులో కుట్టు షాపులో పనిచేసే కడప భాయ్‌ని పిలిచాం. పదేళ్లుగా అక్కడే ఉన్నాడు, అరబ్బీ నీళ్లు తాగినంత సులువుగా మాట్లాడేవాడు. తర్వాతి శుక్రవారం మెడలో టేపు అలాగే ఉండగా వచ్చాడు. ముసలాయన చాప పరిపించి, ఖర్జూరాలు పెట్టి, తన చేత్తో కాఫీ పోశాడు. కాక ఒక మూల ముడుచుకు కూర్చున్నాడు. ముందుగా నేను కడప భాయ్‌కి చెవిలో తెలుగులో చెప్పాలి, ఆయన అరబ్బీలో చెప్పాలి. మూడో షరతుకు వచ్చేసరికి కడప భాయ్ నా వైపు అదోలా చూశాడు.

“ఇది గూడా సెప్పాల్నా అప్పా?” అన్నాడు.

“అన్నీ చెప్పు భాయ్,” అన్నాను.

ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. ముసలాయన కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని ఎక్కడా అడ్డు తగలకుండా విన్నాడు. పదకొండోది అయ్యాక, “ఖలాస్?” అని అడిగాడు. అయిపోయిందన్నాం. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “ఇన్‌షా అల్లా” అని లేచి నమాజుకు వెళ్లిపోయాడు. సంతకం పెట్టలేదు. 

బయటికి వచ్చాక కాక నన్ను కాదు, కడప భాయ్‌ని అడిగాడు.

“ఏమేం రాసిండు భాయ్ వీడు?”

కడప భాయ్ ఏదీ దాచలేదు. పాస్‌పోర్టు మాట దగ్గర కాక ఆగిపోయాడు.

“బదులుకు పోయినోనితోని కాయిదం రాయించుకుంటరారా? కాఫీ పోసిన మనిషిని దొంగను జేస్తివి. నా ఇజ్జత్ తీస్తివి గదరా!”

కాక నా మీద గొంతు లేపడం అదే మొదలు, అదే చివర. నేను ఎదురు మాట్లాడాను. సదువు లేనోళ్లకు ఏం తెలుస్తది అనే మాట కూడా నా నోట వచ్చింది. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

తర్వాతి శుక్రవారం కాక తోటకు పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలి అన్నాడు. ముసలాయన దగ్గర నుంచి కబురూ రాలేదు. గోడ మీదుగా పొగ మాత్రం వచ్చింది. కాసేపటికి మాడు వాసన కూడా వచ్చింది. రూమ్ కిటికీ దాకా వచ్చింది. కాక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వీపు చూస్తూ నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. ఆ పైవారమూ అంతే. పొగ, వాసన, కాక వీపు. పాతికేళ్లు నాలుగు ఊళ్లవాళ్లు పిలిచిన మనిషిని మళ్లీ ఒకాయన ఉస్తాద్ అని పిలిచాడు. ఆ పిలుపును నేను పదకొండు షరతులతో ఆపించాను. 

మూడో శుక్రవారం పొద్దున్నే కడప భాయ్ షాపుకు వెళ్లాను. నాతో వచ్చి ముసలాయనకు క్షమాపణ చెప్పిపెట్టమని అడిగాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, అసలు ఆ షరతులన్నీ నీ బుర్రలోకి యాడ నుంచి వచ్చినాయని అడిగాడు. హవాయి కథ మళ్లీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“ఆ పదకొండోది ఉందే, ఇంకెవురికీ ఇయ్యగూడదని, అది ఆ కతలో ఎవురు పెట్టినారు?”

“అమెరికా.”

“మరి ఈడ ఎవురు పెట్టినారు నాయనా?”

ఆయన మళ్లీ కత్తెర అందుకున్నాడు.

“ఆ ముసలాయప్పకు ఎవురుండారు సెప్పు. కొడుకులు పట్నంలో. బజార్లో సూస్తే తెల్ల సక్కెర బస్తాలు. ఆ పెనం ఆరిపోకుండా ఒక్కడే పెనుగులాడతాండాడు. మీ రూమ్‌లో ఎనిమిది మంది ఉండారు, ఇంగ్లీషుండాది, కార్బన్ పేపరుండాది. ఎవురప్పా ఈడ హవాయి?”

ఎం.ఏ. పాఠాలు చెప్పినవాళ్లెవరూ నాకు ఆ ప్రశ్న వేయలేదు. చరిత్రను అంతకంటే బాగా ఎవరూ నాకు చెప్పలేదు. ఆ దర్జీకి నేను జీవితాంతం రుణపడి ఉన్నాను.

ఇద్దరం తోటకు వెళ్లాం. ముసలాయన పొయ్యి దగ్గరే ఉన్నాడు. పెనంలో నల్లటి మడ్డి. మమ్మల్ని చూడగానే మా వెనక్కి తొంగిచూశాడు.

“ఉస్తాద్ కహాఁ?” అన్నాడు.

నేను చేతులు జోడించి ఏదో మొదలుపెట్టాను. ఆయన వినిపించుకోకుండా జేబులోంచి నా కాగితం తీశాడు. వెనక వైపు అరబ్బీలో నాలుగు వరుసలు రాసి, కింద ముద్ర ఉంది. తర్వాత ఆయన చెబుతూ పోతుంటే కడప భాయ్ ముఖం వెలుగుతూ వచ్చింది.

“కోపం యాడిది అంటాండాడు. పరదేశం వచ్చినోళ్లు బయపడరా, అడగడం న్యాయమే కదా అంటాండాడు. నీళ్ల సంగతి నోటిమాటతో పోయేది కాదంట. ఫలజ్ పెద్దకు సెప్పి పుస్తకంలో రాయించాల్నంట. ఆ పెద్దాయన ఊర్లో లేడు, ఇబ్రిలో కూతురింటికి పోయినాడంట. నిన్ననే వచ్చినాడు. శుక్రవారం వంతులో మీ వాటా, ఉస్తాద్ పేరు మీద, పుస్తకంలోకి ఎక్కింది. పది షరతులకూ ఒప్పుకుంటాండాడు.”

“పది?” అన్నాను.

ముసలాయన పదకొండో దాని మీద వేలు పెట్టి నవ్వుతూ ఏదో అన్నాడు.

“ఇది కుదరదంట. రేపు కొడుకులకు తోట ఇయ్యాలంటే గూడా మిమ్మల్ని అడగాల్నా అంటాండాడు.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ముసలాయన ఇంకో మాట చెప్పాడు. 

“ఆయన తరపున గూడా ఒక షరతు రాసుకోమంటాండాడు. ఉస్తాద్ రాలేని శుక్రవారం ముందుగా కబురంపాల్నంట. రెండు వారాలు ఎదురుసూస్తా పాకం మాడబెట్టుకున్యాడంట.”

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆ ఇద్దరి ముందే. తర్వాత సైట్ గోడ దూకి రూమ్‌కు పరిగెత్తాను. కాక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. కాక లేచి చొక్కా వేసుకున్నాడు.  గుమ్మం దాటేటప్పుడు నా వీపు మీద చెయ్యి వేశాడు.

అప్పటి నుంచి ఏళ్ల తరబడి ఆ చెక్కలో మాకు గోంగూర పండింది. చుట్టుపక్కల కంపెనీల్లో ఉన్న మనవాళ్లు శుక్రవారం సంచులతో వచ్చేవాళ్లు, కాక ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. ముసలాయనకు గోంగూర పచ్చడి తినిపించాం. ఒక్క ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుని, రెండో ముద్ద అడిగాడు. నేను సెలవు మీద వెళ్లి పరీక్షలు రాసి వచ్చాను. హవాయి మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఆ సంగతి చెబితే ముసలాయన ఒక డబ్బా నిండా హల్వా పెట్టించాడు. ఆ హల్వాలోని చక్కెర కాక పట్టిన పాకం నుంచి వచ్చిందే.

బడి కట్టడం అయిపోయాక కంపెనీ మమ్మల్ని ఇబ్రికి మార్చింది. చెరుకు రోజుల్లో కాక గురువారం డ్యూటీ దిగగానే బస్సెక్కేవాడు. నిజ్వా దాకా గంటల ప్రయాణం, శుక్రవారం సాయంత్రం మళ్లీ అంతే. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, మానుకో కాకా అంటే వినేవాడు కాదు. రాలేని వారం ముందుగా కబురు పంపాలన్న షరతు ఉంది కదా, ఆ కబురు ఆయన ఒక్కసారి కూడా పంపలేదు. పంపాల్సిన అవసరం రానివ్వలేదు.

తొంభైల నడుమ ఒక చలికాలం మొదట్లో కడప భాయ్ ఫోన్ చేశాడు. ముసలాయన పోయాడు. నిద్రలోనే పోయాడట. కాక, నేను లీవు పెట్టి బయలుదేరాం. బస్సులో కాక కిటికీలోంచి కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఇగ అయిపాయె బిడ్డా,” అన్నాడు. “కొడుకులకు చెరుకు సంగతి ఏం తెలుస్తది? బోరేస్తరు, లేకుంటె ఇండ్లు కడతరు. మంచిగనే నడిచింది ఇన్నొద్దులు. ఇంకేం గావాలె.”

అన్నాడే గానీ కిటికీ వైపు నుంచి ముఖం తిప్పలేదు. ఆ పొయ్యి ఆరితే ఆయన మళ్లీ మాలు కలిపే మనిషిగా మిగిలిపోతాడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.  ఆయన్ను ఓదార్చడానికి నా ఎం.ఏ. పనికిరాలేదు.

తోటలో చాపలు పరిచి ఉన్నాయి, జనం వచ్చిపోతున్నారు. మేం ఒక పక్కన కూర్చుని కాఫీ తాగాం. ముగ్గురు కొడుకులూ వచ్చి కాక చేతులు పట్టుకున్నారు. వాళ్లు మమ్మల్ని అంతకు ముందు ఒకటి రెండు సార్లే చూశారు. ఇక లేద్దామనుకుంటుండగా పెద్ద కొడుకు, సైన్యంలో ఆఫీసరు, కాకను లేవమని సైగ చేసి చెరుకు చెక్క దగ్గరికి తీసుకెళ్లాడు. కడప భాయ్, నేనూ వెనక నడిచాం. చెరుకు మనిషి ఎత్తు దాటి నిలబడి ఉంది. ఇంకా కొట్టలేదు. నీళ్లు మాత్రం ఎవరో క్రమం తప్పకుండా పెడుతున్నారు. ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకుని, కాక వైపు తిరిగి, పై అధికారితో మాట్లాడుతున్నట్టు నిలబడి ఏదో అడిగాడు.

“ఎప్పుడు కొట్టాల్నో సెప్పమంటాండాడు ఉస్తాద్,” అన్నాడు కడప భాయ్. “మాకు తెలవదు, మీరు సెప్పినట్టు సేస్తాం అంటాండాడు.”

కాక చెరుకులోకి దిగాడు. ఒక గడ విరిచి, పళ్లతో తొక్క లాగి, నమిలి, రసం నాలుక మీద కాసేపు ఉంచుకుని పిప్పి ఉమ్మేశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంక పది దినాలు ఆగాలె,” అన్నాడు.

పదిరోజులు దాటాక వచ్చిన శుక్రవారం మేం వెళ్లేసరికి ముగ్గురూ పొడుగాటి దిష్‌దాషా చొక్కాలు నడుముకు ఎగదోపుకుని, చెరుకు కొట్టి, రసం తీసి, పెనం నింపి, పొయ్యి రాజేసి ఉన్నారు. మంట ఎక్కువైంది. కాక గరిటె అందుకుని, పొయ్యి ముందు నిలబడి, ఆఫీసరుకూ తమ్ముళ్లకూ కలిపి తెలుగులోనే ఒక్క కేక వేశాడు.

“మంట తగ్గించుండ్రి!”

ముగ్గురూ వంగి మట్టలు వెనక్కి లాగారు.